బర్మాలో కురిసిన నీళ్లు

ముందు ఆ ఫ్లెక్సీ విప్పించు నాయనా. బస్టాండు కాడ అంత ఎత్తున నా ముఖం, పక్కన నీ ముఖం, కింద ‘భూకంపాన్ని ముందే కనిపెట్టిన సత్యవేడు ముద్దుబిడ్డ కోమలి’ అని. ఎవురు కట్టమన్నారు నిన్ను? పేపర్లో నాలుగు లైన్లు వస్తే చాలదా?

కాఫీ వద్దులే. నువ్వు కూర్చో. వానకి మడంతా నిండి పారతా ఉంటే ఇప్పుడు మోటరు కాడ ఏం పని నీకు?

రేపు తిరపతి సభలో అంతమంది ముందర నేను ఆ సంగతి చెప్పాల. చెప్పేదానికి లేదు. ఎందుకంటే అది తప్పు. అట్ల చూడబాక. తప్పే.

సూడు, నీకు చెప్పినా గదా, పైన రెండు ఉపగ్రహాలు ఒకదాని ఎనకాల ఒకటి తిరగతా ఉంటాయని. కింద నేల బరువుగా ఉండే చోటికి వస్తే ముందుదాన్ని కొంచిం లాగతాది, రెండింటి నడాన దూరం పెరగతాది. ఆ దూరం కొలిసి, యాడ బరువు పెరిగిందో, యాడ తగ్గిందో నెలనెలా పటం గీస్తారు. పెద్ద భూకంపం వస్తే లోపల రాయి జరగతాది, పటంలో తెలస్తాది. సునామీ వచ్చిన ఏటి భూకంపానికి తెలిసింది. అంతవరకు లోకమంతా ఒప్పుకున్నదే.

నేను చెప్పింది ఇంకొకటి. బర్మా భూకంపానికి రెండు నెలల ముందు నించే ఆ పక్క బరువు తగ్గతా వచ్చిందని.

తగ్గింది నిజమే నాయనా, కాదన్లే. తగ్గింది రాయి కాదు, నీళ్లు.

వాన నీళ్లకీ బరువు ఉండాది. దాన్ని తీసేస్తేనే రాయి సంగతి తేలేది. దానికి వాన లేని నెలలు పట్టుకోని, వాటితో మిగతా నెలల్ని పోల్చాల. నేను ఏ నెలలు పట్టుకున్నానో తెలుసా? ఆగస్టు, సెప్టెంబరు. మనకి వాన ఎప్పుడు? దీపావళి దాటినాక తుపానుకి గదా. ఆ రెండు నెలలూ నువ్వు ఆకాశాన్ని తిట్టేది చూస్తా పెరిగినదాన్ని. ఎండు నెలలంటే నా చెయ్యి దానంతట అదే ఆడికి పోయింది.

బర్మాలో అప్పుడే ముంచెత్తే వానలంట. పట్టిక తీసి చూస్తే గానీ తెలీలే. ఆ నీళ్లు నవంబరుకి ఏట్లోకి దిగి సముద్రంలో కలిసిపోయినాయి. నేల తేలికైంది. నేనేమో భూకంపం ముందుగా చెప్పిందన్నా.

నవ్వుతావేంది? మా గైడు సారు కూడా అడిగినాడు, నీళ్లు తీసేసినావా అమ్మా అని. తీసేసినా సార్ అన్నా. అది అబద్ధం కాదు, తీసేసినాననే అనుకున్నా.

సారుకి ఫోన్ చేస్తాలే. తిట్టనీ. ఇంకో ఏడు పడతాది, పడనీ. నిన్నటి నించి నన్ను ఒకచోట కూర్చోనీకుండా చేసేది అది కాదు.

పెంచలయ్య పెదనాయన.

కొత్త ఇంటికి గోడలు లేపి, స్లాబుకి దినం కూడా పెట్టుకున్నాడు. నీ ఫ్లెక్సీ చూసి మన వాకిట్లోకి వచ్చి, చేతులు కట్టుకోని నిలబడి అడిగినాడే, ‘అమ్మా కోమలీ, మన పక్క కూడా అదురుతాదా, స్లాబు వేయొచ్చునా’ అని. అంత పెద్దమనిషి. నేనేమన్నా? ‘కొన్నాళ్లు ఆగు పెదనాయనా’ అన్నా.

ఆయన ఆగినాడు. తుపాను ఆగలే. టార్పాలిన్ పట్ట కింద పెద్దమ్మ మూడు దినాలుగా దగ్గతా ఉండాది. సిమెంటు మూటలు గడ్డకట్టి రాళ్లయినాయి. నిన్న నేను అటు పోతే ఆ మనిషి నాకు దండం పెట్టినాడు నాయనా. ‘ముందుగా చెప్పి మమ్మల్ని కాపాడినావు తల్లీ’ అంటా.

తెలీక చెప్పింది తప్పెట్ల అయితాది అంటావా?

తెలీక కాదు నాయనా. ఆయన మన వాకిలి తొక్కకముందు వారం నించే నా తప్పు నాకు తెలుసు.

ఆయన అడిగినప్పుడు నేను నీ వైపు చూసినా. తుండుగుడ్డ బుజాన సర్దుకోని, నేనేం చెప్తానా అని నిలబడి ఉండావు. పుట్టినప్పటి నించి నువ్వు నన్ను ఎప్పుడూ అట్ల చూడలే. నిజం చెప్తే ఆ చూపు పోతాదనే ఆయన్ని ఆగమన్నా. ఇప్పుడింక నీ ఇష్టం, ఎట్లయినా చూడు.