మూడు పేర్ల పట్టా

అరవై ఆరో సంవత్సరం, సార్వా నాట్లు పడే రోజులు అమ్మాయ్. నీ చేతిలో ఉన్న ఆ పట్టా కాయితం అప్పటిదే. మూడు పేర్లెందుకున్నాయి తాతయ్యా అంటే ఒక్క ముక్కలో చెప్పేది కాదు. కూర్చో. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, కాయితం చిరిగిపోద్ది.

మనది నీరుకట్టు ఇల్లు. అంటే ఏంటంటే, కాలవ నీళ్లు ఊరి బోదెలోంచి ఒక్కో చేనికి వంతు ప్రకారం వదిలే పని. జీతం లేదు. బదులుగా ఎకరంన్నర మాగాణి ఇచ్చాడు జమీందారు. ఏ జమీందారంటే నాకేం తెలుసు, మా తాతకి తాత నాటి మాట. పని చేసినన్నాళ్లూ తినొచ్చు, అమ్ముకోడానికి లేదు. మా రోజులొచ్చేసరికి మూడిళ్లయ్యాం. మా చిన్నాన్న, మా పెదనాన్న కొడుకు దానియేలు అన్నయ్య, నేను. భూమిని ముక్కలు చెయ్యలేదు. ఒక్కో ఏడు ఒక్కో ఇల్లు నీళ్లు పెట్టాలి, ఆ ఏడు పంటంతా ఆ ఇంటిదే. మిగతా రెండిళ్లూ కూలికి పోవాలి. తెల్లోళ్లు పోయారు, జమీందారు పోయాడు, మా వంతు మాత్రం పోలేదు.

దానియేలు అన్నయ్యే నాకు అక్షరాలు నేర్పింది. పగలంతా పని చేసొచ్చి, దీపాలు పెట్టాక చర్చి వసారాలో కూర్చోబెట్టి దిద్దించేవాడు. నేను మొండోణ్ణి కదా, పలక విసిరేస్తే వెళ్లి తెచ్చి మళ్లీ నా ఒళ్లో పెట్టేవాడు. అంత ఓపిక. అరవై ఐదులో, కాదు కాదు, అరవై ఆరు మొదట్లో, సంక్రాంతి పోయాక జ్వరమొచ్చి పోయాడు. ఆ ఏడు వంతు వాళ్ల ఇంటిది.

నేనేమన్నానంటే, ఆడమనిషి నీరుకట్టు ఏంటి, ఆ వంతు నేను చేస్తానన్నాను. మా వదిన కరుణమ్మ ఆ మాట విని, అన్నయ్య పార భుజాన వేసుకుని బోదె మీదకి పోయింది. ఆ రోజు నుంచి నాకు ఆవిడతో మాటల్లేవు.

ఎంత బాగా చేసిందో చెప్పనా? కాలవ దగ్గరోళ్లు ముందు తాగేస్తే చివరి చేలకి చుక్క రాదు. అందుకని చివర నుంచి మొదలెట్టేది. కాపుల చేలన్నా మనవాళ్ల చేలన్నా ఒకటే లెక్క. మనకి గడియారాలెక్కడివి, రేపల్లె బండి కూతే గడియారం. కూత వినపడితే ఈ చేను మూసి ఆ చేను తియ్యాలి. బండి ఆలస్యమైతే పెద్ద రైతులు "ఇంకా బండి రాలేదుగా కరుణమ్మా, ఉండనీ" అనేవాళ్లు. "బండికి తెలియకపోతే నీడకి తెలుసు బాబూ" అని తన నీడ చూసుకుని కట్టేసేది. ఒక్కడు నోరెత్తితే ఒట్టు.

అప్పుడే ఇలా పనికి బదులిచ్చిన ఇనాం భూములకి పట్టాలిస్తారని కబురొచ్చింది. పని చేసినా చెయ్యకపోయినా భూమి ఇక మనదే. అయితే ఈ ఏడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పేరే రాస్తారని ఊళ్లో చెప్పుకున్నారు. ఆ ఏడు ఉన్నది వదిన చేతిలోనాయె. ఠావు కాయితం కొని అర్జీ రాశాను. 'నీరుకట్టు మగవాళ్ల పని, కరుణమ్మ చెయ్యడం లేదు, కనుక పట్టా నాకే ఇవ్వవలెను' అని. చిన్నాన్న పేరు కూడా ఎత్తలేదు నేను. తెనాలి బస్సెక్కి ఆఫీసులో ఇచ్చొచ్చాను.

తాసిల్దారు మంచాయన, ఆఫీసులో కూర్చుని తేల్చకుండా చేలోకే వచ్చాడు. గొడుగు కింద నిలబడి నా అర్జీ చదివించాడు. ఊరంతా గట్టు మీదుంది. వదిన మోకాళ్ల దాకా బురదతో వచ్చింది.

"ఏమ్మా, నువ్వు నీళ్లు పెట్టడం లేదంట?" అన్నాడు.

అప్పుడే బండి కూసింది. "ఒక్క నిమిషం ఉండండయ్యా" అని పోయి, ఒక తూము మూసి, ఇంకోటి తీసి, చేతులు కడుక్కుని వచ్చింది. "ఇప్పుడు చెప్పండయ్యా, ఏం పెట్టడం లేదంట?"

గట్టంతా నవ్వు. తాసిల్దారు కూడా నవ్వాడు. నేను తల దించుకున్నాను.

"సరే, పేరు చెప్పు, రాసుకుంటాను."

"ఈ ఏటి పేరు చెప్పమంటారా, వచ్చే ఏటి పేరా?"

"ఏడాదికో పేరు పట్టాలో రాయరమ్మా."

"అయితే మూడూ ఒకేసారి రాసెయ్యండి. పోయినేడు మా మరిది ఏలియా, ఈ ఏడు నేను, పై ఏడు మా చినమామ."

తాసిల్దారు వెంట వచ్చిన గుమాస్తా ఉండబట్టలేక, "ఆలోచించుకో అమ్మా, ఒక్క పేరైతే ఎకరంన్నర నీదే. మూడైతే నీకొచ్చేది అర ఎకరం. పిల్లలున్నదానివి" అన్నాడు.

"లెక్క వచ్చండి నాకు. వంతు ఈ ఏడు నా దగ్గరుంది గానీ, భూమి నాది కాదు."

తర్వాత ఆ అర్జీ ఇలా ఇమ్మని చేతిలోకి తీసుకుంది. చదవడం రాదావిడకి. అటూ ఇటూ తిప్పి చూసి, "అచ్చం మా ఆయన రాతలాగే ఉంది" అంది. అంతే. నా వంక చూడలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. కాయితం తిరిగిచ్చేసి వేలిముద్ర వేసింది. నేను సంతకం పెట్టాను. ఆ పెట్టడం కూడా అన్నయ్య నేర్పిందే కదా. ఇన్నేళ్లలో ఎందరో ఆఫీసర్లని చూశాను, నాయకుల్ని చూశాను. మా వదినంత మనిషిని చూళ్లేదు అమ్మాయ్.

ఏంటీ? మరి మనకి ఎకరం ఎలా ఉందంటావా?

రెండేళ్లకి వాళ్ల పెద్దబ్బాయికి జబ్బు చేసింది. వదిన తన అర ఎకరం అమ్మకానికి పెడితే నేనే కొన్నాను. పిల్లాడు బతికాడు. ఆ తర్వాత పదకొండేళ్లు ఆవిడ అదే చేలో నాకు కూలికి నాట్లు వేసింది.