గాలిలో వదిలేసిన పిన్ను

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఒకప్పుడు నాకు పాఠాలు చెప్పి ఇప్పుడు పక్క కుర్చీలో కూర్చోనిస్తున్న అధ్యాపకులకు, విద్యార్థులకు, ఈ పూట కూలి మానుకుని రొంపిచెర్ల నుంచి వచ్చిన మా అమ్మ హన్నమ్మకు నమస్కారం. ముందు వరసలోకి రామ్మా అంటే రానంది. సరే, అక్కడి నుంచే విను. (నవ్వులు)

ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న వీరరాఘవమ్మ మేడమ్ సేవల గురించి పెద్దలు చెప్పారు. నేను ఒక్క మధ్యాహ్నం గురించే చెబుతాను. అది లేకపోతే ఈ కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో ఈ స్వాతి ఉద్యోగం చేస్తూ ఉండేది కాదు.

మా ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు, మిర్చి కోల్డ్ స్టోరేజీ లోపల చలి ఎంత ఉందో బయట గోడ మీద పెద్ద అంకెల్లో చూపించే పరికరం. మా అమ్మ అలాంటి గదుల్లో బస్తాలు సర్దుతుంది కాబట్టి ఆలోచన నాదే. చలిని కొలిచే చిన్న బోర్డు మూడు వోల్టుల చిల్లరతో నడుస్తుంది, అంకెలు చూపే ప్యానెల్‌కు అయిదు కావాలి. అందుకని మధ్యలో వోల్టేజీ మార్చే లెవెల్ షిఫ్టర్ చిప్పు ఒకటి, సిగ్నళ్ళను ముందుకు పంపే బస్ బఫర్ చిప్పు ఒకటి పెట్టాం. అంతా కలిపాక అంకెలు వెలిగాయి. నేను వైరు సర్దబోతే ఆరిపోయాయి. చెయ్యి తీస్తే వెలిగాయి. మళ్ళీ పెడితే మళ్ళీ ఆరిపోయాయి.

అప్పుడు మా బృందంలోని నాగార్జున, "ఏమే స్వాతీ, నువ్వు ముట్టుకోమాకే. నీ చెయ్యి పడితే బోర్డు చస్తంది" అన్నాడు. మంచివాడే, సరదాకే అన్నాడు. ఇక్కడే ఉన్నాడు, ఇందాకటి నుంచి నా వైపు చూడటం లేదు. (నవ్వులు) కానీ ముట్టుకోవద్దన్న మాట మా ఇంట్లో సరదా మాట కాదు. మా అమ్మ ఆ మాట ఎక్కడెక్కడ విన్నదో నాకు తెలుసు.



ఆ రోజు నుంచి నేను బల్ల చివర కూర్చుని రికార్డు రాయడం మొదలుపెట్టాను. బోర్డు మగపిల్లలు చూసుకుంటారు, నేను రాస్తాను, పరీక్ష గట్టెక్కాక ఈ తీగల జోలికి రాను అని నిశ్చయించుకున్నాను. కాలేజీ గడప తొక్కింది మా ఇంట్లో నేనే. తప్పు తీగదా, నాదా అని అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు.

ఒక మధ్యాహ్నం మేడమ్ ల్యాబుకు వచ్చి, నేనెందుకు దూరంగా కూర్చున్నానని అడిగారు. చెప్పాను. నవ్వలేదు, ఎవరినీ తిట్టలేదు. నాగార్జునను పిలిచి, నా చెయ్యి ఎక్కడ పెట్టానో సరిగ్గా అక్కడే వాడి చెయ్యి పెట్టమన్నారు. అంకెలు ఆరిపోయాయి. టీ తెచ్చిన అటెండరు ఫరీద్ బాబాయిని పెట్టమన్నారు. ఆరిపోయాయి. బాబాయి భయపడి, "నేనేం చెయ్యలేదమ్మా" అంటూ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. (నవ్వులు)

ఆ బఫర్ చిప్పులో ఎనేబుల్ అని ఒక పిన్ను ఉంటుంది. దాన్ని గ్రౌండ్‌కు, అంటే సున్నా వోల్టుల తీగకు కలిపితేనే చిప్పు సిగ్నళ్ళను నిలకడగా పోనిస్తుంది. మా వాళ్ళు దాన్ని దేనికీ కలపకుండా గాలిలో వదిలేశారు. అలా వదిలేస్తే దగ్గరికి వచ్చిన ఏ మనిషి చేతికైనా దాని వోల్టేజీ ఊగిసలాడుతుంది. మేడమ్ నాతో అన్న మాట ఇదే: "నీ చెయ్యి కాదమ్మా. అక్కడ తీగ కలపలేదు, అంతే."

అంతే అన్నారు. ఆ అంతేలో నాకు ఎంత ఉందో మేడమ్‌కు ఈ రోజు వరకూ నేను చెప్పలేదు.

తీగ కలిపితే అంకెలు నిలబడ్డాయి, కానీ తప్పు అంకెలు వస్తున్నాయి. నాగార్జున చిప్పు మార్చేద్దామన్నాడు. మేడమ్ వోల్టులు కొలిచే మీటరు నా చేతికిచ్చి, "ఎంత రావాలో ముందు చెప్పు, తర్వాత పెట్టి చూడు" అన్నారు. ల్యాబులో మేడమ్ పద్ధతే అది, మీలో చానా మంది ఆ మాటకు విసుక్కున్నవాళ్ళే. లెవెల్ షిఫ్టర్‌లో ఒక వైపు మూడు చిల్లర రావాలన్నాను, అయిదు వచ్చింది. రెండో వైపు అయిదు రావాలన్నాను, మూడు చిల్లర వచ్చింది. రెండు సప్లయ్ తీగలూ తారుమారయ్యాయి. మేడమ్ పక్కనే నిలబడ్డారు గానీ బోర్డు మీద వేలు పెట్టలేదు. విప్పి, మార్చి, మళ్ళీ కలిపింది నేనే. పక్కన నాగార్జున టార్చి పట్టుకున్నాడు.

ఇప్పుడు నా మనసులో మాట. మరో ఏడాది ఉండమని యాజమాన్యం అడిగితే, మేడమ్ "స్వాతి ఉందిగా" అని వద్దన్నారట. నాకు సంతోషం కంటే కోపమే ముందు వచ్చింది మేడమ్. భయం కూడా. రేపటి నుంచి పిల్లలు తప్పుగా కలిపిన బోర్డు పట్టుకుని నా దగ్గరికే వస్తారు. నాకు వెంటనే తెలియదు. పక్కన నిలబడి, వేలు పెట్టకుండా ఆగడం మీకు ఎంత కష్టమయ్యేదో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

గురజాలలో మీ ఇంటికి రోజూ ఫోన్ చేసి, ఇది పనిచేయడం లేదు మేడమ్ అని విసిగిస్తాననుకుంటున్నారేమో. చెయ్యను. పనిచేసిన రోజున చేస్తాను. ఎవరు పనిచేయించారో ఆ పిల్ల పేరు చెప్తాను.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మేడమ్, మీరు వెళ్ళిరండి. నాకు సెలవిప్పించండి.