అయిదో పని

"ఒకటి, మసీదు వెనక కాలువ మళ్ళీ పూడుకుపోయింది. రెండు, మా వరసలో మూడో స్తంభానికి దీపం వెలగడం లేదు. మూడు, రేవు మెట్ల మీద పాచి పట్టింది, మొన్న ముసలి హసన్ జారి పడబోయాడు. నాలుగు, బడి గోడ దగ్గర ఆ నల్లకుక్క పిల్లల్ని తరుముతోంది. అయిదు..."

"ఆగు మూనక్కా, ఆగు. నా చెయ్యి నీ నోటిని అందుకోవద్దూ? నాలుగు... నల్ల... కుక్క. ఊఁ, అయిదు?"

"అయిదు తరవాత చెప్తాను. ముందు టీ తాగండి, చల్లారిపోతోంది."

తెలుక్ రంబై రేవు దగ్గర సీనీ టీ దుకాణం, గురువారం పొద్దున. బడిపంతులుగా మొదలై, నాలుగు ఎన్నికలు గెలిచి, ఇరవై ఏళ్ళు రాష్ట్ర శాసనసభలో కూర్చుని, దిగిపోయి పదకొండేళ్ళయిన జబిదీ తన పాత బల్ల దగ్గరే ఉన్నాడు. ఎదుట మైమూన. ఇద్దరి మధ్యా నోటుపుస్తకం.

"తరవాత తరవాత అంటూ పోయిన వారమూ నాలుగే రాయించావు. ఇదిగో చూడు, ఏ పేజీ తిప్పినా అయిదు అని అంకె, పక్కన ఖాళీ."

"వైబీగారికి అన్నీ గుర్తే."

"ఇంకా వైబీ ఏమిటక్కా! సభలో కూర్చునేవాణ్ణి అంటారు వైబీ అని. ఇప్పుడు ఆ కుర్రాడు వైబీ. నేను ఉత్త జబిదీని."

"ఆ కుర్రాడి ఆఫీసుకెళ్తే ఒక నంబరు చేతిలో పెడతారు. నంబరుకి చెవులుండవుగా, దానికేం చెప్పుకోను?"

"పిన్నిగారూ, మీ బజ్జీలు. వైబీ, మీకు ఒక్కటే, డాక్టరు మాట."

"సీనీ, నా బల్ల మీద ఈ 'రిజర్వు' అట్ట ఎందుకురా? ఎవరొచ్చి కూర్చుంటారు?"

"ఎవరూ కూర్చోరనే పెట్టాను వైబీ. ఊరికే ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగోదు."

"చూశావా మూనక్కా, వీడి నోరు! ఒకప్పుడు ఈ బల్ల చుట్టూ నలభైమంది. నించోడానికి చోటుండేది కాదు."

"నాకు తెలీదా? రెండుసార్లు వచ్చి వెనక్కి పోయాను."

"ఒక శనివారం పధ్నాలుగు పెళ్ళిళ్ళు. పధ్నాలుగు చోట్లా ఓ ముద్ద తినాలి, లేకపోతే అలుగుతారు. మా డ్రైవరు కారులో అరుగుదల మందు సీసా పెట్టుకు తిరిగేవాడు."

"మొన్న హాషిం కూతురి పెళ్ళికి వెళ్ళారా? మీ ఇంటి ఎదురేగా పందిరి."

"ఆఁ... పాటలు వినబడ్డాయి. పిలుస్తారేమోనని బట్టలు మార్చుకుని కూర్చున్నాను."

"పిలవలేదూ?"

"మర్చిపోయుంటారు. పెళ్ళి హడావుడిలో ఎన్నని గుర్తుంటాయి."

"ఆ హాషింకి రేవు దగ్గర చోటిప్పించింది ఎవరు?"

"వదిలెయ్ అక్కా. నన్నే పార్టీ మర్చిపోయింది. అభ్యర్థుల జాబితాలో నా పేరు లేదని రేడియో చెబితే తెలిసింది. ఆ పొద్దున కొత్త చొక్కా కూడా ఇస్త్రీ చేయించుకున్నాను. మర్నాడు ఇంట్లో ఫోను మోగలేదు. చెడిపోయిందనుకుని బాగుచేసేవాణ్ణి పిలిచాను. వాడు చూసి, బాగానే ఉందిగా, అన్నాడు."

"మీరు కట్టించిన వంతెన మీదే రోజూ నడిచి వస్తున్నాను. మీరు తెచ్చిన ఆసుపత్రిలోనే మోకాళ్ళు చూపించుకుంటున్నాను. ఏం, అవి చాలవా?"

"వంతెన మాట్లాడదుగా మూనక్కా. సరే, ఈ కాలువ సంగతి. ఇవాళే మునిసిపాలిటీకి ఫోను చేస్తాను."

"పోయినసారి శుక్రవారం తెల్లారేసరికి శుభ్రం చేసేశారు. మీ మాటంటే అంత పరుగెత్తుకొస్తారా?"

"ఏదో, పాత పరిచయాలు."

"మీ పార పట్టుకుని, మీ నీలం రబ్బరు చెప్పులేసుకుని వస్తారు కాబోలు."

"...చూశావా?"

"నా వంటింటి కిటికీ ఆ కాలువ వైపే."

"ఎప్పట్నుంచి?"

"మొదటిసారి నుంచీ."

"ఏం చెయ్యను మరి? ఫోను చేస్తే, ఎవరు మాట్లాడేది, అంటారు. పేరు చెప్తే, ఇంకోసారి నిదానంగా చెప్పండి, అంటారు. దానికంటే పార సుఖం. కానీ ఒక్కటి అర్థం కాదు. వానల్లేని నెలలో కూడా ఆ కాలువ ఎలా పూడుతుందో! ఎప్పుడు తవ్వినా కొబ్బరి పీచే... ఏం, నవ్వుతున్నావేం? నువ్వా?"

"డెబ్భై నాలుగేళ్ళ మనిషిని ఊరికే కూర్చోబెడితే తుప్పు పడతాడు."

"నా నడుం విరిగిపోయిందే!"

"అందుకే ఎండాకాలంలో సగమే వేసేదాన్ని."

"పిన్నిగారూ, లారీవాడు ఫోను చేశాడు. అలమర తలుపులు ఊడదీయాలా, అలాగే ఎక్కించాలా అంటున్నాడు."

"ఊడదీయమను సీనీ. మేకులు మాత్రం డబ్బాలో వెయ్యమను."

"లారీ ఏమిటి? ఏ అలమర?"

"ముందు మీ బజ్జీ తినండి."

"మూనక్కా, నిన్నే."

"కువాంతాన్‌లో మా చెల్లెలి దగ్గరికి పోతున్నాను. ఈ మోకాళ్ళతో మా ఇంటి మెట్లు ఎక్కలేను వైబీ. పదకొండింటికి లారీ."

"ఇవాళా?"

"ఇవాళే."

"మళ్ళీ ఎప్పుడు రావడం?"

"అలమర పట్టుకుపోయేవాళ్ళు మళ్ళీ వస్తారా?"

"మరి వచ్చే గురువారం..."

"సీనీ ఉన్నాడుగా. వాడి ఫిర్యాదులు రాసుకోండి."

"వాడి ఫిర్యాదులన్నీ నా మీదే... మూనక్కా, నీకొక మాట చెప్పాలి. ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను."

"చెప్పండి."

"అదే... ఆ నల్లకుక్క మెడలో పట్టీ ఉందా?"

"లేదు."

"పట్టీ ఉంటే ఎవరిదో తెలిసేది. తెలిస్తే వాళ్ళకే చెప్పి..."

"వైబీ, పదిన్నరయింది."

"దెరూస్ గురించి."

"ఊఁ."

"మీ ఆయన జెండాలు కట్టిన రోజు గురించి. నా మూడో ఎన్నికలప్పుడు..."

"ఎప్పుడో నాకు చెప్పాలా? పడ్డాడు, తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, పోయాడు. గాలిగా ఉంది, ఎక్కొద్దు అని మీరన్నారు, వినకుండా ఎక్కాడు. గోరీ దగ్గర నిలబడి మీరే చెప్పారుగా ఊరందరికీ."

"చెప్పాను."

"సభలో కూడా చెప్పారట. పేపర్లో వేశారు."

"గెలిచాక మొదటి సమావేశం. 'నా జెండా కోసం, నేను వద్దన్నా వినక నిచ్చెనెక్కిన పేదవాడు' అన్నాను. మావాళ్ళూ చరిచారు, అవతలివాళ్ళూ చరిచారు బల్లలు. ఇరవై ఏళ్ళలో నా మాటకి సభంతా బల్లలు చరిచింది ఆ ఒక్కసారే. కాలువల గురించి మాట్లాడితే నిద్రపోయేవాళ్ళు. అది సభ రికార్డులో ఉంది మూనక్కా, అట్ట కట్టి అలమరలో పెట్టారు."

"ఆసారి అరవై ఒక్క ఓట్లతో గెలిచారు."

"అరవై ఒకటి. అవి మీ వీధి ఓట్లు. దెరూస్ ఓట్లు."

"టీ ఒలికింది, చూసుకోండి."

"ఒలకనీ. అక్కా, నేను వద్దనలేదు."

"మరేమన్నారు?"

"సాయంత్రం నాలుగు. ఏటి మీద గాలి రివ్వున కొడుతోంది. దెరూస్ నిచ్చెన పట్టుకుని నించున్నాడు. 'గాలి ఎక్కువగా ఉంది మాస్టారూ, రేపు తెల్లారగానే కట్టేస్తాను' అన్నాడు. మర్నాడు పొద్దున్నే ముఖ్యమంత్రి వస్తున్నాడు. వంతెన మీద అవతలి పార్టీ జెండాలు మావాటికంటే ఎత్తుగా ఎగురుతున్నాయి. నాకు అవే కనబడుతున్నాయి, దెరూస్ కనబడలేదు. 'రెండు జెండాలేగా, ఎక్కు' అన్నాను. కదల్లేదు. 'ఏం, పాలు తాగే పిల్లాడివా' అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎక్కాడు. ఇదీ జరిగింది. ఇన్నేళ్ళూ... ఏదో ఒకటి అను మూనక్కా. తిట్టు."

"పాలు తాగే పిల్లాడి మాట కూడా చెప్పారు. అది చెప్పరనుకున్నాను."

"...నీకు తెలుసా?"

"ఆసుపత్రిలో నాలుగో రోజు చెప్పాడు."

"నాలుగో రోజే! మరి గోరీ దగ్గర నేను అబద్ధమాడుతుంటే ఎందుకూరుకున్నావు? అప్పుడే నలుగురిలో నిలదీయకపోయావా?"

"అడగొద్దన్నాడు. 'మాస్టారు మంచివాడే మూనా, ఎన్నికల్లో ఉన్నాడు. తీరిక దొరికినప్పుడు తనే వచ్చి చెప్తాడు' అన్నాడు. ఆయన పోయాక మీకు తీరిక దొరకడానికి పదేళ్ళు పట్టింది. రెండుసార్లు వచ్చాను చూద్దామని, నలభైమందిలో నిజమెక్కడ చెప్తారు? ఆ రేడియోలో మీ పేరు లేదని నేనూ విన్నాను. మీరు ఒక్కరూ ఈ బల్ల దగ్గర కూర్చున్న మొదటి గురువారమే వచ్చి కూర్చున్నాను."

"అయితే ఈ పదకొండేళ్ళూ..."

"ఏ వారమైనా చెప్తారని, అయిదో అంకె వేయించి ఆగేదాన్ని."

"నా మీద జాలితో వస్తున్నావనుకున్నాను."

"మొదట్లో కాదు. తరవాత తరవాత కొంచెం జాలీ పడ్డాను. లేకపోతే పీచు సగం ఎందుకు వేస్తాను?"

"పిన్నిగారూ, లారీ వంతెన దాటి ఇటొస్తోంది. అన్నీ ఎక్కించేశారట, ఇక్కడ మీరు ఎక్కడమే ఆలస్యం అంటున్నాడు."

"వస్తున్నా సీనీ, నా కర్ర ఇటందుకో."

"ఆగు, ఒక్క నిమిషం. నేను సభాపతికి ఉత్తరం రాస్తాను మూనక్కా. రికార్డులో ఉన్నది అబద్ధమని, దిద్దమని, నా సంతకంతో..."

"రాయండి. ఫోనెత్తనివాళ్ళు ఉత్తరం చదువుతారో లేదో, మీరు మాత్రం రాయండి. ముందు ఆ పుస్తకం తియ్యండి. అయిదు ఖాళీగానే ఉందిగా?"

"ఉంది."

"రాసుకో జబిదీ. దెరూస్ బిన్ కాసిం. పడవలకి తాళ్ళు పేనేవాడు. ఎత్తంటే భయం, మా ఇంటి కప్పు కారితే నేనే ఎక్కేదాన్ని, ఆయన కింద నిలబడి కళ్ళు మూసుకునేవాడు. అంత భయమున్న మనిషి, నలుగురూ నవ్వకముందు, గాలి ఎక్కువగా ఉందని నోరు తెరిచి చెప్పాడు. రాశావా? ఎవరడిగినా, ఎవరూ అడక్కపోయినా, ఆయన ఆ మాట చెప్పాడని గుర్తుపెట్టుకో."