బఫర్‌లో జాగా లేదు

హలో… ఆ, నేనేలే, కువాన్-మింగ్‌ని. సర్వరు రూములోంచి.

…విందు మధ్యలోంచి లేపేశానా? పాపం! సంవత్సరాంతం విందుకని తైపే ఆఫీసంతా అక్కడుంటే, కాపలాకి నన్నొక్కణ్ణే వదిలేశారు కదా మేనేజరు గారూ.

…నవ్వకు. ఇంతకీ బల్ల మీద కోడి తల ఎవరి వైపు తిప్పిపెట్టారు? నా ఖాళీ కుర్చీ వైపేనా? మన ఆచారం ప్రకారం అదెవరి వైపు చూస్తే వాడి ఉద్యోగం ఊడినట్టేగా!

…సరే సరే, విషయానికొస్తున్నా. కచేరీ టిక్కెట్ల అమ్మకం పన్నెండింటికి మొదలైందా… పది నిమిషాల్నుంచి ఎవరూ మన సైటు లోపలికి రాలేకపోతున్నారు. సర్వరు పడిపోలేదు— బఫర్ మెమరీ అయిపోయింది. పంపాల్సిన డేటా పెట్టుకోడానికి జాగా లేదు.

…లిమిటా? పెంచా. రెట్టింపు చేశా. నిమిషంలో అదీ నిండింది. పోయినేడు నువ్వు లిమిట్ పెంచితే స్టేజీ ఎక్కించి చప్పట్లు కొట్టారు. నేను పెంచితే ఇదిగో, ఇలా.

…ఆ, కడుపుమంటే! ఎందుకుండదు? ఆ పని నీకు నేర్పిందెవరు, పెయ్-షాన్? పన్నెండేళ్ల సర్వీసు నాది. నిన్నగాక మొన్నొచ్చి నా నెత్తినెక్కి కూచున్నావు.

…అన్నా గిన్నా అనకు. ఏం చూడాలో చెప్పు.

…ఏ కనెక్షన్ దగ్గర ఎంత డేటా ఆగిందో? ఉండు… చూస్తున్నా.

…జనానివి కావు. ఒకే అడ్రసు నుంచి… మూడువేలు! తెరిచి కూచున్నాడు, ఒక్క ముక్కా తీసుకోవట్లేదు. మనం పంపిందంతా బఫర్‌లోనే పోగుపడింది. ఎవడో దరిద్రుడు—

…అడ్రసా? పదీ… సున్నా… ఆగు.

…ఆఁ, ఉన్నా. అడ్రసు మళ్లీ సరిచూస్తున్నా.

…బయటివాడు కాదు. నా బల్ల మీది మెషీను.

…చెబుతా, అరవకు. నీ సెట్టింగుల్లో తప్పు పట్టాలని… సర్వరిచ్చే ప్రతి జవాబూ రాసిపెట్టే ప్రోగ్రామొకటి నడుపుతున్నా. రెండు నెల్లుగా. దాని డిస్కు నిండిపోయినట్టుంది. రాయడం ఆగింది, తీసుకోవడమూ ఆగింది.

…లేదు. ఒక్క తప్పూ దొరకలేదు. చాలా?

…ఆపేశా. దిగుతోంది… సగం ఖాళీ అయింది. హమ్మయ్య, జనం లోపలికొస్తున్నారు.

…ఏంటీ? నువ్వే చేయించిన పరీక్ష అని చెబుతావా? నా మీదికి రాకుండా?

…వద్దు. వద్దన్నానా! పదవి నీదే, చప్పట్లు నీవే, మంచితనం కూడా నీదేనా? ఈ తప్పొకటైనా నా పేరు మీద ఉండనీ. ఫోను డైరెక్టరు గారికివ్వు.

…ఇవ్వు తల్లీ, ఇవ్వు.

…హలో, నమస్కారమండీ. కువాన్-మింగ్‌ని. టిక్కెట్లు ఆగింది నా మూలానేనండీ… కావాలని కాదు, కానీ నేనే… లేదండీ, నేను చేసిన పని ఆమెకి తెలియదు.

…కారణం కనిపెట్టిందెవరా?

…ఆవిడేనండీ. ఉంటాను.