లవంగాల పరిమళాన్ని వదులుకున్న చేతులు: శ్రీమతి జలీలా త్రికి గారికి అభినందన

1987 నవంబరు 16వ తేదీన, ఆలివ్ కోతలు ముమ్మరంగా సాగుతున్న వేళ, శ్రీమతి జలీలా త్రికి గారు స్ఫాక్స్ నగరంలోని మన నూనె పరీక్షాశాలలో నమూనాల సహాయకురాలిగా చేరారు. పగలు సీసాలు కడుగుతూ, సాయంత్రాలు రసాయన శాస్త్రం చదువుతూ పట్టా సాధించి, కొన్నేళ్లకు రుచి పరీక్షక బృందంలో తాత్కాలిక సభ్యురాలయ్యారు. ఆ బల్ల చుట్టూ అంతకుముందు స్త్రీలెవరూ కూర్చోలేదు. నూనె వాసన చెడకుండా, అక్కడ కూర్చునేవారు ఏ సువాసనా పూసుకోకూడదన్నది నియమం.

"అత్తరు మానమంటే ఆడవాళ్లు ఉద్యోగమే మానేస్తారు, చూస్తుండండి," అని సీనియర్ పరీక్షకులు హేదీ గారు మొదటిరోజే జోస్యం చెప్పారట.

ఆ శీతకాలమే జలీలా గారి వివాహం జరిగింది. సెలవు ముగిసి విధుల్లో చేరిన ఉదయం, గ్లాసుల్లో నూనె పోసి మూతలు పెట్టే వంతు ఆమెదే. మూత తీసిన ప్రతివారూ ముఖం చిట్లించారు.

"ఏదో మసాలా వాసన కొడుతోందయ్యా!"

"మిల్లువాడు ఇందులో కూర గానీ వండాడేమో!" అన్నారు హేదీ గారు.

ఆ నూనె ఒక చిన్న గ్రామ సహకార సంఘానిది. రెండో తరగతి అని తీర్పు వస్తే ఆ ఊరివారి ఏడాది శ్రమ చవకైపోతుంది. జలీలా గారు తన చేతులవైపు చూసుకున్నారు. పెళ్లికూతురికి నల్లని లతలుగా దిద్దిన హర్కూస్ రంగు వాటిపై ఇంకా మెరుస్తోంది. అందులోని లవంగాల ఘాటుకు పెళ్లి ఇంట్లో అలవాటుపడిన ముక్కు, ఆ ఉదయం దాన్ని గుర్తించనేలేదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే హేదీ గారి మాట నిజమై, అప్పుడే దక్కిన కుర్చీ చేజారుతుంది.

ఆమె రెండు చేతులూ బల్లమీద పెట్టారు. "నూనెలో తప్పు లేదండీ. వాసన నా చేతులది."

"నేను చెప్పలేదూ!" అన్నారు హేదీ గారు.

బృంద నాయకులు నూరద్దీన్ గారు, "అమ్మాయీ, ఆ రంగు వెలిసేదాకా గుమ్మం బయటే కూర్చో. నీ కుర్చీలో మాత్రం ఇంకెవర్నీ కూర్చోబెట్టను," అన్నారు. వేరే గ్లాసుల్లో మళ్లీ పరీక్షించిన ఆ నూనె మొదటి తరగతిగా నిలిచింది.

గుమ్మం బయట కూర్చున్న ఆ రోజుల్లోనే జలీలా గారికి ఒక ఆలోచన తట్టింది. ఎవరి వాసన వారికి తెలియదు కనుక, లోపలికి వెళ్లేముందు ఒకరి అరచేతులు మరొకరు వాసన చూడాలి. నేటికీ మనం పాటిస్తున్న పద్ధతి అదే. అది మొదలైన వారంలోనే, గడ్డం గీసుకుని పూసుకున్న లోషన్‌తో పట్టుబడినవారు హేదీ గారు!

నాణ్యతా విభాగాధిపతి అయ్యాక కూడా, కొత్తగా చేరిన ప్రతివారికీ జలీలా గారు ముందుగా చెప్పేది ఈ పొరపాటు గురించే. అందువల్లనేమో, మన దగ్గర తప్పు చేసినవారు దాన్ని దాచరు, పరుగున వచ్చి ఆమెకు చెబుతారు. "ఎవరు చేశారు?" అని ఆమె అడగగా విన్నవారు లేరు. "ఎక్కడ జారింది, చూద్దాం పద," అనేవారు. ఆ మాట విని ఎదిగినవారే ఈనాడు సగం విభాగాలను నడుపుతున్నారు.

తన కూతురి పెళ్లిలో సైతం ఆమె హర్కూస్ పెట్టించుకోలేదు. అందుకే మొన్న పదవీ విరమణకు ముందు ఆఖరి పరీక్ష ముగియగానే, మన అమ్మాయిలు హర్కూస్ దిద్దే ఆమెను ఆఫీసుకే పిలిపించారు.

"ఈ వయసులో నాకెందుకే! మా ఆయన చూస్తే రెండో పెళ్లనుకుంటారు."

"ఆయన్నే చేసుకోండి లల్లా జలీలా, మేమంతా వస్తాం!"

ఆమె నవ్వుతూ చేతులు చాచారు. లతలు ఆరాక, సంచీ తెచ్చుకోవడానికి పరీక్ష గది దాకా నడిచి, గుమ్మం దగ్గర ఠక్కున ఆగిపోయారు.

"పిల్లా, నా సంచీ కాస్త అందించవే. నేను లోపలికి రాకూడదు."

జలీలా గారూ, ఇన్నేళ్లు మా కోసం దూరం పెట్టిన మల్లెలూ, నారింజపూల పన్నీరూ, లవంగాలూ ఇక మీ సొంతం. వాటన్నిటినీ తనివితీరా ఆస్వాదించేటంత ఆరోగ్యం, అంత సుదీర్ఘమైన ఆయుష్షు మీకు కలగాలని మా ఆకాంక్ష. ఒకరి అరచేతులను ఒకరం వాసన చూసుకుంటూనే ఉంటాము.