పెంచల్ నెత్తినెత్తుకున్న రేడియం డ్రమ్ము

మైపాడు రోడ్డు మీద షాహిదాబీ టీ అంగట్లో ఆ సాయంత్రం అందరిదీ వాటర్ ప్లాంటు కబురే. బోరునీళ్లతో పాటు భూమిలోని రేడియం పైకొచ్చి, ఏళ్ల తరబడి ఫిల్టరు ఇసుకలో పేరుకుందని తేలింది. దాన్ని తీసెయ్యడానికి పట్నం నుంచి మనుషులొచ్చినారు. వాళ్లకు తోడుగా లోపలికి దిగింది ప్లాంటు ఫిట్టరు బడేసాహెబ్, షాహిదాబీ మొగుడు. పని అయిపోయిందన్నారు గానీ మనిషింకా ఇల్లు చేరలేదు. చెయ్యి టీ వడపోస్తున్నా ఆమె చూపు రోడ్డు మీదే ఉంది.

ప్లాంటు వాచ్‌మన్ పెంచల్ బల్ల మీద కాళ్లు మడుచుకోని కూర్చున్నాడు.

"నేను తీసింది ఒక్క పార ఇసుకే, చెప్పుకునేంత పనేం కాదు. పారెత్తంగానే రేడియం కనిపెట్టే మీటరు కుయ్యోమన్నది. ఆఫీసర్లు గోడ దూకినారు. మిగిలింది నేనూ సాయబన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇసుక పొయ్యంగానే డ్రమ్ము ఎర్రగా కాలింది. తువ్వాలు చుట్టగా పెట్టుకోని నెత్తినెత్తుకున్నా."

షాహిదాబీ వడపోత ఆపేసింది. "ఆయనకేమన్నా అయిందా పెంచలన్నా?"

"ఉండక్కా, చెప్తుండా గదా. నా ఒళ్లంతా మెరవబట్టింది. జువ్వలదిన్నె పడవోళ్లు నన్ను చూసి లైట్‌హౌస్ అనుకోని ఇటు తిరిగినారు."

"పట్టపగలా?" అన్నాడు వల బాగుచేసుకుంటున్న ఆదెయ్య.

"పట్టపగలే. సూర్యుడు మబ్బు చాటుకు పోయినాడు. సముద్రంలో మునిగితే గానీ నా ఒళ్లు చల్లారలా. వంజరం చేపలు ఉడికిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చినాయి."

"ఉప్పూ కారం పట్టినాయా?"

"ఉప్పు సముద్రంలోదే. కారం మటుకు ఇంటినుంచి తెప్పించినా."

అంతలో బడేసాహెబ్ సైకిలు దిగినాడు. తలింకా తడిగా ఉంది. షాహిదాబీ గ్లాసు వదిలేసి ఎదురుపోయి, ఆయన చేతులు తిప్పి తిప్పి చూసింది.

"ఏం కాలేదులే. దుమ్ము లేవకుండా ఇసుక తడిపి, గ్లౌజులేసుకోని తీసినాం. డ్రమ్ములు మూతలు బిగించి లారీలో పంపేసినారు. నా ఒళ్లంతా మీటరుతో చూసి, ఏమీ అంటలేదన్నాక స్నానం చేసొచ్చినా. నీళ్లు కూడా మళ్లీ పరీక్ష చేసినారు. బాగున్నాయంట."

ఆమె బల్ల మీద కూర్చోని అడిగింది.

"మరి పెంచలన్న మోసిన డ్రమ్మో?"

"అది మా మధ్యాహ్నం సాంబారు క్యాను. గేటు దగ్గరే దించి పరిగెత్తినాడు. లోపలికి రమ్మంటే కాలు పెట్టలా."

అందరూ పెంచల్ వైపు తిరిగినారు. అతను టీ ఊదుకుంటూ, "కాలింది మాత్రం నిజమేనన్నా" అన్నాడు.

పొద్దుట్నుంచీ బిగబట్టుకున్న షాహిదాబీకి అప్పుడు నవ్వొచ్చింది, కళ్లనీళ్లు తిరిగేదాకా.