అంచులో సీసం

కర్టెన్లు కుట్టే గది. కుట్టుమిషను పక్కన బరువు చూసే మిషను, దాని మీద అమ్మ. ఎదురుగా నేల మీద కూతురు.

"యాభై రెండు. చూశావుగా, ఇక దిగనా?"

"దిగకమ్మా. పోయిన నెలా యాభై రెండేగా."

"మంచిదేగా. పెరగలేదు, తరగలేదు. డాక్టరుకి అదే చెప్పు."

"ఉంగరం జారకుండా దారం చుట్టుకున్నావు. బుగ్గలు లోపలికి పోయాయి. ఆ యాభై రెండు ఎక్కడుంది మరి?"

"ఎముకల్లో. ముసలి ఎముకలు బరువే."

"నవ్వించకు. ఆ పొడుగు గౌను తీసి, ఈ పల్చటిది వేసుకుని ఎక్కు."

"చలేస్తోంది."

"కిటికీలు మూశానుగా."

"పొద్దున ఏమన్నా తిన్నావా నువ్వు? మొహం చూడు, ఎలా..."

"నా తిండి సంగతి ఎత్తకు. అక్క తిండి మానేసి పోయాక ఈ ఇంట్లో ఎవరి తిండి మాటా ఎవరూ ఎత్తకూడదనుకున్నాం."

"అనుకున్నాం. నువ్వు మాత్రం నన్ను వారం వారం తూకం వేస్తావు."

"నీకు జబ్బు చేసింది కాబట్టి. ఉండు, కదలకు. అంచులో ఏంటివి?"

"ఏం లేవు. చెయ్యి తియ్యి, చిన్నీ."

"సీసం బిళ్ళలు. పెద్ద హాళ్ళ కర్టెన్లకి వేస్తావే, అవి. అమ్మా, చుట్టూతా ఉన్నాయి."

"గాలికి లేవకుండా వేస్తాం కదా. నేనూ లేచిపోతానేమోనని."

"నీ బరువుని బట్టే మందు ఎంతివ్వాలో చూస్తారు. తప్పు చెబితే ప్రాణం మీదికొస్తుంది. తెలుసా?"

"తెలుసు."

"తెలిసే చేశావా?"

"నిజం చెబితే పడుకోబెడతారు. అక్కని పెట్టిన వార్డులోనే. ఆ తలుపు దాటి మళ్ళీ లోపలికి నేను వెళ్ళలేను."

"అందుకని అక్క చేసిన పనే నువ్వూ చేస్తావా? ఇలాగే బిళ్ళలు పెట్టుకుని డాక్టర్ని నమ్మించింది. పదిహేడేళ్ళకే పోయింది."

"దాన్ని లావన్నది నేనే. బట్టలివ్వడానికొచ్చిన వాళ్ళ ముందు, నీ నడుముకి టేపు చాలట్లేదే అనేదాన్ని. అదీ నవ్వేది."

"నన్నూ అన్నావు. నేను అలిగి ఇంకో కంచం ఎక్కువ తిన్నాను."

"నువ్వు మొండిదానివి. అది మెత్తటిది, నా మాట వినేది."

"సరే, ఇప్పుడు నా మాట నువ్వు విను. అక్క నిన్నూ మోసం చేసింది. తెలిసుంటే ఆపేదానివి. నాకు తెలిసింది, నేను ఆపుతున్నాను. గౌను మార్చుకో."

"అది నన్ను మోసం చేసిందని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పాలి? అక్క పోయాక గౌను ఉతుకుతుంటే బిళ్ళలు దొరికాయని నువ్వే అన్నావు."

"అన్నాను."

"మరి?"

"దానికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు, చిన్నీ. ఈ ఒక్క వారమే అమ్మా అని నా కాళ్ళు పట్టుకుంది. నేనే కుట్టాను."